సెఫారియా రివ్యూ: పరిగె గింజ నుంచి కూలి గడువు దాకా

త్సెదకా అనే హీబ్రూ మాటని ఇంగ్లిష్ వాళ్లు ఛారిటీ అన్నారు, మనవాళ్లు దానధర్మం అంటారు. రెండూ సరిపోవు. ఆ మాటకి మూలం త్సెదెక్, అంటే న్యాయం. ఇవ్వాల్సింది ఇస్తున్నారు, అంతే. ఇచ్చినాయనకి శాలువా కప్పాల్సిన పని లేదు. ఈ మాట వేదికల మీద అందరూ చెప్తారు. ఆ న్యాయాన్ని ఎన్ని గింజలకి, ఎన్ని పూటలకి, ఎంతమంది చేతులకి లెక్క కట్టారో చూడాలంటే మాత్రం యూదుల అసలు గ్రంథాలు తెరవాలి. వాటిని ఫోన్‌లో తెరిచి చూపించే సేవ సెఫారియా.

2011లో జాషువా ఫోర్ అనే పాత్రికేయుడు, బ్రెట్ లాక్‌స్పైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కలిసి మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. విరాళాల మీద నడుస్తుంది. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, లాగిన్ కూడా అవసరం లేదు. మనకి కావాల్సినవి ఒకచోట చేర్చి దాచుకోవాలంటేనే ఖాతా తెరవాలి. హీబ్రూ బైబిలు, మిష్నా అనే పాత నియమాల సంకలనం, దాని మీద పండితుల చర్చలైన తల్ముద్, మైమోనిడిస్ అనే మధ్యయుగపు యూదు పండితుడు రాసిన ధర్మశాస్త్రం, వాటి మీద వందల ఏళ్ల వ్యాఖ్యానాలు అన్నీ ఒకే చోట ఉంటాయి. స్టైన్‌సాల్ట్జ్ అనే యూదు మతగురువు పేరున్న తల్ముద్ ఇంగ్లిష్ అనువాదం 2017లో ఉచితంగా పెట్టడంతో దీని స్థాయే మారిపోయింది.

నెల్లూరులోనో ఒంగోలులోనో పొదుపు సంఘాల మీటింగులు నడిపేవాళ్లకి, చర్చిల్లో బైబిలు స్టడీ చెప్పేవాళ్లకి, సోషల్ వర్క్ చదివే పిల్లలకి ఇది పనికొస్తుందా? పనికొస్తుంది, ఐదుకి నాలుగు మార్కులు. ఒక మార్కు ఎక్కడ పోయిందో ముందే చెప్పాలి: తెలుగు లేదు. తెర మీద మాటలు ఇంగ్లిష్, హీబ్రూల్లోనే ఉంటాయి. గుంటూరు వైపు కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాతృభాషగా ఉన్న బెనె ఎఫ్రాయిమ్ యూదులు ఉన్నారు, వాళ్లకీ ఇదే ఇబ్బంది.

మొదటి చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. పేయా అంటే పొలం అంచు, పేదలకి వదిలే పంట మీద గ్రంథం పేరూ అదే. వెతికే పెట్టెలో ఊరికే పేయా అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే మిష్నా పేయా, తోసెఫ్తా (మిష్నాకి అనుబంధం) పేయా, జెరూసలేం తల్ముద్ పేయా అని కొన్ని పేర్లు కింద జారతాయి. కొత్తవాళ్లు మిష్నా పేయానే ఎంచుకోవాలి. చిన్న వాక్యాలు, నేరుగా నియమాలు. బాబిలోనియా తల్ముద్‌లో దీని మీద గ్రంథమే లేదు కాబట్టి అక్కడ వెతికి కాలం పాడుచేసుకోవద్దు. మిష్నాకి అధ్యాయం, వాక్యం లెక్క, 8:7 అన్నట్టు. తల్ముద్‌కి ఆకు లెక్క: ఆకు నంబరు పక్కన ముందు పేజీకి ఎ, వెనక పేజీకి బి. తల్ముద్‌లో బావా మెట్సియా అనే గ్రంథం 83ఎ అంటే దాని 83వ ఆకు ముందు పేజీ.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది, చర్చి వాళ్లని బాగా తికమక పెట్టేది కూడా ఇదే. మన తెలుగు బైబిల్లో ఉన్న వచనాల నంబర్లు, హీబ్రూ నంబర్లు కొన్నిచోట్ల కలవవు. వడ్డీ తీసుకోవద్దన్న వచనం తెలుగులో నిర్గమకాండము 22:25, సెఫారియాలో 22:24. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం మొత్తం ఒక అంకె జరుగుతుంది: తెలుగులో 23:19 ఉన్న వడ్డీ నియమం అక్కడ 23:20. పొరుగువాడి ద్రాక్షతోటలో కడుపునిండా తినొచ్చు గానీ గంపలో వేసుకుపోకూడదన్న 23:24 అక్కడ 23:25 అవుతుంది. కీర్తనల్లో పైన ఉండే శీర్షికని కూడా వచనంగా లెక్కపెడతారు, దాంతో చాలా కీర్తనలు జరిగిపోతాయి. లేవీయకాండము 19, 25, ద్వితీయోపదేశకాండము 15, 24 అధ్యాయాలకి ఈ బెడద లేదు, నంబర్లు సరిపోతాయి. మొదటి మీటింగు వీటితో మొదలుపెడితే గొడవ ఉండదు. నంబరు కలవకపోతే యాప్ తప్పనుకోకుండా ఒక వచనం అటూఇటూ చూడండి.

ఏదైనా వాక్యాన్ని వేలితో నొక్కితే పక్కన ఇంకో పలక తెరుచుకుంటుంది, ఫోన్‌లో అయితే కింది నుంచి లేస్తుంది. ఈ సేవకి ప్రాణం అదే. ఆ వాక్యం మీద ఎవరెవరు ఏం రాశారో, అది తర్వాత ఏ చట్టంలో చేరిందో, వేరే అనువాదాలు ఏమున్నాయో వరసగా కనిపిస్తాయి. లేవీయకాండము 19:9 మీద నొక్కి మిష్నాలోకి, అక్కడి నుంచి మైమోనిడిస్‌లోకి రెండు నిమిషాల్లో వెళ్లొచ్చు. అయితే వ్యాఖ్యానాల్లో చాలావాటికి ఇంగ్లిష్ లేదు, హీబ్రూ అక్షరాలే వస్తాయి. నెట్ ఆగిందేమో అని మళ్లీ మళ్లీ నొక్కొద్దు, అనువాదమే లేదు.

పేయా గ్రంథం మన జిల్లా వాళ్లకి పరాయిగా అనిపించదు, ఎందుకంటే అదంతా కోత గురించి. పొలం అంచున కొంత పంట కొయ్యకుండా పేదలకి వదలాలి. ఎంత వదలాలో పైహద్దు లేదని 1:1 చెప్తుంది. 1:2 మాత్రం అరవయ్యో వంతుకి తగ్గకూడదంటుంది. నెల్లూరు లెక్కలో చూస్తే, పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి పద్నాలుగు కిలోల పైచిలుకు. ఎకరాకి మూడు పుట్లు పండితే 2,550 కిలోలు, అందులో పేదల పాలు నలభై రెండున్నర కిలోలు. కోసి ఇవ్వడం కాదు, నిలబడి ఉన్న పైరుగా వదలాలి, వచ్చినవాళ్లు కోసుకుంటారు. ఎత్తులో ఉండే ఖర్జూరానికి, పందిరి ద్రాక్షకి మాత్రం యజమానే దించి పంచాలి, ఎక్కితే ప్రమాదం కాబట్టి. వచ్చినవాళ్లు కొడవళ్లు, పారలు వాడకూడదని 4:4. తోపులాటలో ఒకరినొకరు గాయపరుచుకుంటారని. పొలానికి రోజుకి మూడుసార్లు రావచ్చని 4:5. చేతిలోంచి జారిన వెన్నులు రెండైతే పరిగె, పేదలవి. మూడైతే రైతువి. ఇది హిల్లెల్ అనే పాతకాలపు పండితుడి బడి లెక్క. ఆయనతో వాదించే షమ్మాయ్ బడివాళ్లు మూడూ పేదలకే, నాలుగైతేనే రైతుకి అన్నారు. వెన్నుల లెక్క మీద రెండు బళ్లు వాదించుకున్నాయంటే నవ్వొస్తుంది గానీ, గట్టు మీద తగువు ఎక్కడ మొదలవుతుందో వాళ్లకి తెలుసు. మన చేలల్లో హార్వెస్టర్ దిగాక పరిగె ఏరుకునేవాళ్లకి ఏం మిగిలిందన్న ప్రశ్న చదివేవాళ్లలోంచి దానంతటదే వస్తుంది, ఎవరూ అడగక్కర్లేదు.

ఇక్కడే బ్రౌజరులో ఉండే తెలుగు అనువాదం బటన్ జోలికి పోవద్దు. అది పొలం అంచుని గది మూల చేస్తుంది, పరిగెని సేకరణ చేస్తుంది, త్సెదకా అక్షరాల్ని ఇష్టమొచ్చినట్టు విరుస్తుంది. పరిగె అన్న మాట మన పాత తెలుగు బైబిల్లోనే ఉంది, రూతు కథ విన్నవాళ్లందరికీ తెలుసు. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లు ఒకరు ఫోన్ పట్టుకుని, పక్కన తెలుగు బైబిలు తెరిచి ఇంకొకరు కూర్చుంటే పని సాగుతుంది. యూదులు కూడా ఇలా జంటగానే చదువుతారు, దాన్ని హవ్రూతా అంటారు. ఒకరు చదవడం, ఇంకొకరు అడ్డు ప్రశ్న వేయడం. 1992లో దూబగుంట సారా పోరాటం అక్షరాస్యత తరగతిలో కలిసి చదివిన పాఠంలోంచే లేచింది కాబట్టి, కలిసి చదవడం ఏం చేస్తుందో ఈ జిల్లాకి కొత్తగా చెప్పక్కర్లేదు.

పేయా చివరి అధ్యాయంలో 8:7 నుంచి 8:9 దాకా ఊరి సహాయ నిధి నియమాలు ఉన్నాయి. పొదుపు సంఘాల వాళ్లు ఇంకేదీ చదవకపోయినా ఈ మూడూ చదవాలి. రెండు రకాల నిధులు: తమ్హూయి అనేది ఏ రోజుకారోజు తిండి పెట్టేది, కుప్పా అనేది వారానికోసారి డబ్బు పంచేది. కుప్పా అంటే బుట్ట, మన కుప్పతో చుట్టరికం లేదు. రెండు పూటలకి తిండి ఉన్నవాడు తమ్హూయి నుంచి తీసుకోకూడదు. పద్నాలుగు పూటలకి, అంటే రోజుకి రెండు పూటల లెక్కన వారానికి, ఉన్నవాడు కుప్పా నుంచి తీసుకోకూడదు. వసూలుకి ఇద్దరు వెళ్లాలి, పంపకానికి ముగ్గురు కూర్చోవాలి. వసూలంటే ఊరిమీద అధికారం, అది ఒక్కడి చేతిలో ఉండకూడదు. పంపకం తీర్పులాంటిది, తీర్పుకి ముగ్గురు కావాలి. ఈ కారణం తల్ముద్‌లో బావా బత్రా 8బిలో దొరుకుతుంది. దాని ముందు పేజీలోనే ఊరికి కొత్తగా వచ్చినవాడు ఎన్నాళ్లకి చందా కట్టాలో ఉంది: తమ్హూయికి ముప్పై రోజులకి, కుప్పాకి మూడు నెలలకి, బట్టల నిధికి ఆరు నెలలకి, అంత్యక్రియల నిధికి తొమ్మిది నెలలకి.

అర్హత లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రెండు వందల జూజ్‌లు (అప్పటి వెండి నాణేలు) ఉన్నవాడు పరిగెకి రాకూడదు. ఒక్క నాణెం తక్కువైతే మాత్రం, వెయ్యిమంది ఒకేసారి ఇచ్చినా తీసుకోవచ్చు. సాయం కావాలంటే ముందు ఇల్లు అమ్ముకో, సామాను అమ్ముకో అని అనకూడదు. యాభై జూజ్‌లే ఉన్నా వాటిని వ్యాపారంలో తిప్పుతున్నవాడు తీసుకోకూడదు. పెట్టెలో కదలకుండా ఉన్న రెండు వందలూ, చేతులు మారుతున్న యాభై సమానమన్నమాట. తెల్ల కార్డు అర్హతల మీద వాదించేవాళ్లు ఈ పేజీని ఓపిగ్గా చదివితే మంచి వాదనలు దొరుకుతాయి, ఇటువైపువీ అటువైపువీ కూడా.

కూలి సంగతికి బావా మెట్సియాకి వెళ్లాలి. మిష్నా 9:11 ప్రకారం పగటి కూలీకి ఆ రాత్రంతా గడువు, రాత్రి కూలీకి మర్నాడు పగలంతా. ఆ తర్వాత ఒక్క పూట ఆలస్యమైనా తప్పే. 9:12లో మెలికలు ఉన్నాయి, వాటిని దాటేయొద్దు. కూలీ అడిగితేనే యజమాని మీద తప్పు పడుతుంది, అడక్కపోతే పడదు. యజమాని దుకాణదారు దగ్గరో షరాబు దగ్గరో తీసుకోమని పురమాయిస్తే కూడా యజమాని తప్పు నుంచి బయటపడతాడు. మేస్త్రీ చేతుల మీదుగా కూలి అందే చీమకుర్తి క్వారీల్లో, పొగాకు గ్రేడింగులో, రొయ్యల షెడ్లలో ఈ మెలిక ఏమవుతుందో వేరే చెప్పాలా? గ్రంథం పేదలవైపే ఉంటుందని ముందే అనుకుని చదివేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఆగాలి కూడా.

అదే గ్రంథంలో 83ఎ తెరిస్తే పని గంటల నియమం కనిపిస్తుంది: పొద్దున్నే రమ్మనీ పొద్దుపోయేదాకా ఉండమనీ బలవంతం చెయ్యకూడదు, ఆ ఊరి వాడుక ఏదో అదే. ఆ ఆకు అడుగున ఒక ఘటన ఉంది. ఒక పండితుడి ద్రాక్షసారా పీపాని మోసేవాళ్లు పగలగొట్టారు, ఆయన వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు రవ్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్లారు. బట్టలు ఇచ్చెయ్యమన్నాడు. చట్టం ఇదేనా అని పండితుడు అడిగితే, రవ్ అవునన్నాడు. మేం పేదవాళ్లం, రోజంతా కష్టపడ్డాం, ఆకలేస్తోంది అని మోసేవాళ్లు అంటే, కూలి కూడా ఇచ్చెయ్యమన్నాడు. స్టైన్‌సాల్ట్జ్ పేజీలో లావు అక్షరాలు మాత్రమే మూలం, సన్నవి అర్థం కావడానికి ఆయన కలిపిన మాటలు. ఈ ఘటనని లావు అక్షరాలు మాత్రమే పట్టుకుని చదివితే ఎంత పొట్టిగా, ఎంత పదునుగా ఉందో తెలుస్తుంది. సన్న అక్షరాలతో కలిపి తల్ముద్ ఇలా అంది అని ఎక్కడైనా రాస్తే, మూలంలో లేనిది మూలానికి అంటగట్టినట్టవుతుంది. కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు ఇదే.

వాడుకరులు స్వయంగా కూర్చి పెట్టిన షీట్ల గురించి ఇంత మెచ్చుకోలు లేదు. సామాజిక న్యాయం అని ఇంగ్లిష్‌లో వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తాయి. ఎవరైనా పెట్టొచ్చు, ఎవరూ సరిచూడరు. మంచివి ఉన్నాయి గానీ సగానికి సగం ఒకే నాలుగు వాక్యాల్ని అటు తిప్పి ఇటు తిప్పి అతికించినవే. వాటిలో తప్పకుండా ఉండేది మైమోనిడిస్ ఎనిమిది మెట్లు. 1138లో కార్డోబాలో పుట్టి 1204లో ఈజిప్టులో చనిపోయిన ఈయన, పేదలకిచ్చే కానుకల చట్టం పదో అధ్యాయం 7 నుంచి 14 దాకా ఈ మెట్లు రాశాడు. అన్నిటికంటే కింద మెట్టు ఏడుపుమొహంతో ఇవ్వడం. దాని మీద నవ్వుతూ తక్కువివ్వడం, అడిగాక సరిపడా ఇవ్వడం, అడక్కముందే ఇవ్వడం. ఆ పైన ఎవరు ఎవరికిచ్చారో ఒకవైపు తెలియనివి రెండు, రెండువైపులా తెలియనిది ఒకటి. అన్నిటికీ పైన మనిషిని నిలబెట్టడం: కానుకో, అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి ఇంకొకరి ముందు చెయ్యి చాచకుండా చేయడం. షీట్లలో చాలామంది కింది నుంచి పైకి రాస్తారు. మూలంలో పై మెట్టుతోనే మొదలవుతుంది, వాక్యాల నంబర్లు చెప్పేటప్పుడు తిరగబడుతుంది, చూసుకోండి. ఒంగోలు వాళ్లకి పై మెట్టు తెలిసిన కథే: 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలిపని చూపించాడు.

షీట్లలో ఇంకో అతి వాడకం తిక్కున్ ఓలమ్. లోకాన్ని బాగుచేయడం అని దీనికి అమెరికాలో ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద అర్థం వచ్చింది. మిష్నాలో గిత్తిన్ అనే గ్రంథం నాలుగో అధ్యాయంలో అది చాలా చిన్న పనిముట్టు: చట్టం అక్షరాలా నడిస్తే జనానికి నష్టం వస్తుందనుకున్న చోట చేసే సర్దుబాటు. 4:3లో హిల్లెల్ ప్రోజ్‌బుల్ అందుకు ఉదాహరణ. ఏడో ఏట అప్పులు రద్దవుతాయి కాబట్టి, ఆ ఏడు దగ్గరపడే కొద్దీ పేదలకి అప్పు పుట్టడం మానేసింది. అప్పుని కోర్టు పేర రాసిచ్చే పత్రం ఒకటి పెట్టి హిల్లెల్ దారి తీశాడు. రుణమాఫీ ప్రకటన వినగానే బ్యాంకుల్లో కొత్త అప్పుల పరిస్థితి చూసినవాళ్లకి దీన్ని వివరించాల్సిన పని ఉండదు. బందీల్ని విడిపించడానికి వాళ్ల విలువకి మించి డబ్బు ఇవ్వకూడదన్న కఠినమైన నియమం కూడా (4:6) ఈ పేరుతోనే ఉంది. తిక్కున్ ఓలమ్ అనగానే చెట్లు నాటడం గుర్తొచ్చేవాళ్లు ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదవాలి.

మనవాళ్లకి ముందు పెట్టాలా, అందరికీ పెట్టాలా అన్న తగువుకి రెండు పేజీలు పక్కపక్కన తెరవండి. బావా మెట్సియా 71ఎలో వరస ఉంది: నీ బంధువుల్లో పేదలు, తర్వాత నీ ఊరి పేదలు, తర్వాత పక్కూరి పేదలు. గిత్తిన్ 61ఎలో యూదులు కాని పేదల్ని కూడా యూదుల పేదలతో పాటు పోషించాలి, శాంతి మార్గాల కోసం అని ఉంది. మొదటిది ఒక్కటే చదివి ఆపితే మన ఊళ్లలో అది కుల సంఘం కరపత్రంలా మారిపోతుంది. రెండోది ఒక్కటే చదివితే ఇంటి పక్కవాడి అప్పు ఎవరికీ పట్టదు.

నేటి యూదు సమాజాల పని తీరు తెలుసుకోవాలంటే సెఫారియా చాలదు, అది దాని పని కూడా కాదు. గెమాఖ్ అనే వడ్డీ లేని అప్పుల సంఘాలు ఇప్పటికీ యూదు పేటల్లో నడుస్తాయి. న్యూయార్క్ హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ 1892 నుంచి ఉంది. నూటికి రెండు, నూటికి మూడు వడ్డీకి అలవాటుపడ్డ చోట ఈ సంఘాల నియమావళి విడిగా వెతికి చదవడం మంచిది. మజోన్ అనే అమెరికా సంస్థ 1985 నుంచి పెళ్లి లాంటి శుభకార్యాల ఖర్చులో మూడు శాతం ఆకలి తీర్చే పనికి ఇమ్మని అడుగుతోంది. మన లెక్కలో భోజనాలకి ఐదు లక్షల రూపాయలు ఖర్చయితే పదిహేను వేలు. ఇజ్రాయెల్‌లో మిగిలిపోయే పంటనీ వంటల్నీ సేకరించి పంచే సంస్థ పేరే లెకెట్, అంటే పరిగె. తావ్ హయోషెర్ అనే ముద్ర 2009లో వచ్చింది: యూదుల ఆహార నియమాలు పాటించే కోషర్ హోటళ్లకి, పనివాళ్ల జీతం, గంటలు, మర్యాద చూసి ఇచ్చేది. ఇవన్నీ సెఫారియాలో పేర్లుగా కనిపిస్తే కనిపిస్తాయి గానీ, వాటి మీద పాఠం మాత్రం దొరకదు.

యాప్‌లో గ్రంథాల్ని దించుకునే సౌకర్యం ఉంది, మొత్తం కాకుండా కావాల్సిన విభాగాలే దించుకోండి. సిగ్నల్ లేని చోట మీటింగు పెడుతుంటే వాక్యాల నంబర్లు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, అక్కడికి వెళ్లి పదం కొట్టి వెతకడం కుదరకపోవచ్చు. ప్రింటు కావాలంటే హీబ్రూ వరసల్ని కాపీ చేసి డీటీపీ షాపులో ఇవ్వొద్దు. అను ఫాంట్ల మీద నడిచే పేజ్‌మేకర్‌లో అవి ప్రశ్న గుర్తులైపోతాయి, కనిపించినా ఎడమ నుంచి కుడికి తిరగబడతాయి. పేజీని పీడీఎఫ్‌గా చేసి జిరాక్స్ షాపుకి తీసుకెళ్తే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. తెలుగు వివరణ విడి కాగితం మీద వేయించండి.

హీబ్రూ బైబిలు పేజీలు ప్రింటు తీస్తే వాటిలో దేవుడి నాలుగక్షరాల పేరు పూర్తిగా ఉంటుంది. అలాంటి కాగితాన్ని యూదులు చింపరు, చెత్తలో వెయ్యరు. విడిగా దాచి చివరికి భూమిలో పూడుస్తారు, ఆ దాచే చోటుని గెనీజా అంటారు. మీటింగు అయ్యాక ఆ కాగితాలు బజ్జీల బండికి చేరకుండా చూడండి. అంత జాగ్రత్త కుదరదనుకుంటే, భాష మార్చే గుర్తు నొక్కి హీబ్రూ తీసేసి ఇంగ్లిష్ ఒక్కటే ప్రింటు తీయండి.